విందును నాట్యమును: తారామతి బారాదరి నుండి ఒక పరిశీలనము

హైదరాబాదు నగరమునకు పడమట, గోలకొండ కోటను దాటి గండిపేట దారిని నార్సింగి వైపు పోవునపుడు, ఇబ్రహీంబాగు చెంత నొక గుట్టమీద అన్ని ప్రక్కలను తెఱపి గల మండప మొకటి కానవచ్చును. పండ్రెండు ద్వారములు గలది గావున దీనికి బారాదరి యను పేరు కలిగినది. జనశ్రుతి దానికి తారామతి పేరు చేర్చినది. ఒకప్పుడు పల్లెయైన నార్సింగి నేడు కంప్యూటరు పరిశ్రమ నాశ్రయించి పెరిగిన మేడలతో నిండినది. ఆ మేడల నడుమ నుండి చూచువానికి ఈ మండపము పాతకాలపు శేషమువలె తోచును. పర్యాటక శాఖవారు ఈ ఆవరణలో రంగస్థలమును, అతిథిగృహమును, భోజనశాలను ఏర్పఱచిరి. నాట్యము చూచుటయు విందు గుడుచుటయు ఒక్క సాయంకాలమున ఒక్క చోటనే సాధ్యమైనవి.

ఇట్టి ఏర్పాటు మన యొద్దనే కాదు, అన్యదేశములందును కలదు. కంబుజదేశమున, అనగా నేటి కంబోడియాలో, ఆంగ్కోర్ శిథిలములను చూడవచ్చిన యాత్రికులకు సియెం రీప్ పట్టణమున ఖ్మేరు సంప్రదాయ నాట్యమును రాత్రి భోజనముతో కలిపి ప్రదర్శించుట పరిపాటి. ఇట్టి ప్రదర్శనములను గూర్చి విద్వాంసులలో రెండభిప్రాయములు వినవచ్చును. దేవతలకు నివేదింపబడిన కళ భోజనమునకు నంజుడైన దని కొందఱు చింతింతురు. కళాకారులకు కూడు దొరకుచున్నది గదా యని కొందఱు సమాధానపడుదురు. రెండు పక్షములవారును ఒక విషయమును మాత్రము విచారింపక యే అంగీకరింతురు: విందును నాట్యమును కలియుట క్రొత్త పోకడ యని. అది నిజమేనా? కాదేని, మాఱిన దేమి? ఈ ప్రశ్నలను చారిత్రకాధారములతో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

తారామతి కథ

ముందుగా మన యెదుటనున్న స్థలమును గూర్చియే విచారింతము. తారామతి, ప్రేమామతి యను నిరువురు నర్తకీమణులు అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672) ఆస్థానమున నుండి రనియు, వారు అక్కచెల్లెం డ్రనియు చెప్పుదురు. తారామతి ఈ మండపమున పాడుచుండగా ఆ గానము గాలి వాటున కోటలోని రాజు చెవి సోకె ననుట ఒక కథ. మండపము నుండి కోట వఱకు కట్టిన త్రాళ్ళమీద వా రిరువురు నాట్యమాడుచు పోయి రనుట మఱియొక కథ. కోట గోపురము నుండి మండపము వఱకు గల దూరమును కన్నులార చూచినవాడు రెండవ కథను చరిత్రగా గ్రహింపజాలడు. మొదటి కథకు మాత్రము బీజ మూహింపవచ్చును. గోలకొండలో ఫతే దర్వాజా క్రింద చఱచిన చప్పట్లు శిఖరమందలి బాలాహిస్సారున వినబడును. ధ్వనిని దూరమునకు చేర్చు నిర్మాణ కౌశలము ఆ కోటకు ప్రసిద్ధి తెచ్చినది. అట్టి ప్రసిద్ధి గల చోట దూరమునకు వినబడిన పాటను గూర్చిన కథ పుట్టుట సహజము.

అయినను ఈ నర్తకీమణులు కేవల కల్పితలు కారు. గోలకొండ కోటలో తారామతి పేర మసీదు కలదు. కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో ఇరువురికిని సమాధులు కలవు. ప్రేమామతి సమాధిమీది శాసనము హిజ్రీ 1073, అనగా క్రీ.శ. 1662–63 సంవత్సరమును తెలుపుచున్నది. రాజవంశీయుల సమాధుల చెంత నర్తకులకు చోటిచ్చుట యొక గౌరవ సూచనము. కాని వారు నేర్చిన నాట్యమెట్టిది, వారి గురువు లెవరు, వారికి లభించిన జీవన మెంత, అను ప్రశ్నలకు ఈ రాళ్ళు బదులు చెప్పవు. మండపము నిలిచినది, పేరు నిలిచినది, బ్రతుకు మాత్రము కథలో కలిసిపోయినది. ఈ లోపమును మనసున నుంచుకొని ఇతరాధారములను చూడవలెను.

శాసనముల సాక్ష్యము

నాట్యమును అన్నమును ఒక్కచోట లెక్కించిన ప్రాచీన లేఖ్యములు దేవాలయ శాసనములు. తంజావూరి బృహదీశ్వరాలయమున రాజరాజ చోళుడు క్రీ.శ. 1014 ప్రాంతమున చెక్కించిన శాసనము ఈ విషయమున శిరోధార్యము. ఆలయసేవకై వివిధ స్థలముల నుండి రప్పించిన నన్నూఱుమంది స్త్రీల పేర్లు, వారు పూర్వము సేవించిన ఆలయములు, వారికిచ్చిన యిండ్లు ఏ వీథిలో ఏ వరుసలో నున్నవో కూడ అందు వ్రాయబడినవి. ఒక్కొక్కతెకు ఒక్కొక్క పాలు. పాలు ఒక్కంటికి ఏటికి నూఱు కలముల వడ్లు. వేయి సంవత్సరముల తరువాత కూడ వారి పేర్లను మనము చదువగలుగుటకు కారణము వారి నాట్యముగాదు, వారి వడ్లు. గింజల లెక్క వ్రాయవలసి వచ్చినందున మనుష్యుల పేర్లు కూడ నిలిచినవి.

ఆంధ్రదేశమున దీనికి తోడు నిలుచునది మల్కాపుర శాసనము. క్రీ.శ. 1261లో, రుద్రమదేవి పాలనకాలమున, గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యుని ధర్మమును తెలుపు లేఖ్యమిది. గణపతిదేవు డిచ్చిన మందరమును, రుద్రమదేవి యిచ్చిన వెలగపూడియు ఆ ధర్మమునకు ఆధారములైన గ్రామములు. వాని యాదాయమును ఆలయమునకు, మఠమునకు, విద్యాశాలకు, ప్రసూతిశాలకు, వైద్యశాలకు, అన్నసత్రమునకు పంచిపెట్టిరి. ఆ పట్టికలో నర్తకులు, గాయకులు, మృదంగాదులు వాయించువారు ఒక ప్రక్కను, వంటవారు మఱియొక ప్రక్కను కలరు. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు వచ్చినవారి కెల్ల అడ్డులేక అన్నము పెట్టవలె నను నియమము అందు ప్రత్యేకముగా చెప్పబడినది. నాట్యమాడువారును వండువారును ఒక్క ధర్మపు టంగములైరి. ఆ నాట్యము దేవునికి, ఆ అన్నము ఆకలిగొన్నవానికి. రెంటిలో నేదియు విక్రయింపబడినది కాదు.

ఈ దశ యందు విందును నాట్యమును కలియుటకు 'నివేదన' యనునది తగిన పేరు. ఇందు ఒక సత్యమును మఱుగుపఱుపరాదు. దేవాలయ జీవనము పొందిన స్త్రీ స్వేచ్ఛగలది యని చెప్పుటకు వీలులేదు. కూడు నిశ్చయమైనది, కాని ఆ కూటితో పాటు కట్టుబాటును నిశ్చయమైనది. మద్రాసు రాజ్యమున 1947లోను, ఆంధ్రప్రదేశమున 1988లోను దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టములు వచ్చుటకు దారితీసిన దుఃఖచరిత్ర ఈ కట్టుబాటునకు తుదియధ్యాయము.

రాజసభలు

రెండవ దశ రాజసభ. గణపతిదేవుని గజసాహిణి యైన జాయపసేనాని క్రీ.శ. 1253–54లో రచించిన నృత్తరత్నావళి యెనిమిది అధ్యాయముల గ్రంథము. మొదటి నాలుగు మార్గమును, తక్కిన నాలుగు దేశిని నిరూపించును. లక్షణకర్త సేనాధిపతి యగుట గమనింపదగినది. నాట్యము రాజ్యాంగమున నొక భాగమై యుండె ననుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

విజయనగరమున క్రీ.శ. 1520 ప్రాంతమున నున్న పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ మహర్నవమి యుత్సవములలోని నాట్యమును వర్ణించెను. నర్తకీమణులు రాజపత్నుల చెంతకు పోయి వారితో కూర్చుండి తాంబూలము సేవింపవచ్చు ననియు, ఎంతటి పదవి గలవారికైనను అన్యులకు ఆ యధికారము లే దనియు ఆత డచ్చెరువుతో వ్రాసెను. తాంబూలము మన విందునకు భరతవాక్యము. దానిని రాణివాసమున పంచుకొనుట యన్నది పంక్తి గౌరవమే. నర్తకి యిచ్చట విందు చూచువా రెదుట నాడు పరిచారిక మాత్రము గాదు, విందున పాలుగలది.

నాయకరాజుల తంజావూరున ఈ సంబంధము విచిత్రమైన పరిణామము పొందినది. విజయరాఘవ నాయకుడు (1673లో మరణించెను) కవియు, కవి పోషకుడును, అన్నదాన వ్రతుడును. ఆయన సభయందు యక్షగానము లాడబడెను. రంగాజమ్మ మొదలగు విదుషీమణు లచ్చట వెలసిరి. ఆ సభకు చెందిన పురుషోత్తమ దీక్షితుని తంజాపురాన్నదాన మహానాటకము రాజుగారి అన్నసంతర్పణమునే యితివృత్తముగా గొన్న యక్షగానము. విందున నాట్యముండుట సామాన్యము. విందే నాట్యమునకు వస్తువగుట యపూర్వము. భోజనార్థులై వచ్చిన జనుల తొందర, తగవు, హాస్యము రంగస్థల మెక్కినవి. అన్నదాత తన దానమును తానే చూచి నవ్వుకొనుటకు వీలైన ఆ సభ మనస్సు ఎంత విశాలమైనదో పరిశోధకులు ఊహింపవలెను.

ఈ తంజావూరి సభను గోలకొండ సభతో కలుపు సూత్రము క్షేత్రయ్య. ఆయన పేరనున్న మేరువ పదము మధుర తిరుమలనాయకుని, తంజావూరి విజయరాఘవుని, గోలకొండ పాదుషాను పేర్కొని, ఒక్కొక్కచోట చెప్పిన పదముల సంఖ్యను తెలుపును. ఆ పాదుషా అబ్దుల్లా కుతుబ్ షా యని సాహిత్య చరిత్రకారుల యభిప్రాయము. కావున తారామతీ ప్రేమామతుల కాలమున గోలకొండలో తెలుగు పదము వినబడె ననుట నిరాధారము గాదు. వారు ఆ పదముల కభినయము పట్టి రని చెప్పుటకు మాత్రము ప్రమాణము లేదు. ఇట్టిచోట సంభావ్యతను సంభావ్యతగనే చెప్పి విడుచుట మేలు. అబుల్ హసన్ తానాషా (1672–1687) కూచిపూడి భాగవతులకు అగ్రహార మిచ్చె ననుట మఱియొక ప్రసిద్ధ సంప్రదాయ కథ. కళకు భూమి నిచ్చుట యనగా పంట నిచ్చుట, పంట నిచ్చుట యనగా కూడు పెట్టుట. రాజసభ నాట్యమును మెచ్చుటలో కడపటి మాట ఎప్పుడును అన్నమే.

ఈ రెండవ దశకు 'రాజభోగ' మని పేరిడవచ్చును. ఇందు చూచువాడు పిలువబడినవాడు. రొక్క మిచ్చి చోటు కొనినవాడు గాడు.

పురవీథి

మూడవ దశ పురవీథిలో మొదలగును. ఇది రాజసభ తరువాత పుట్టినది గాదు, దానితో పాటే యున్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై, శ్రీనాథునిదని కొందఱు తలంచు క్రీడాభిరామ మీ విషయమున మనకు నిధి. ప్రతాపరుద్రుని నాటి ఓరుగల్లు వీథులలో టిట్టిభసెట్టియు మంచనశర్మయు తిరుగుచు ఒక దినము గడుపుట ఈ వీథిరూపకపు కథ. వా రచ్చట పూటకూటింట రూక యిచ్చి పసందైన భోజనము చేయుదురు. పలనాటి వీరుల కథను పాడు స్త్రీని, దేవతల పేర ఆడి పాడువారిని వీథిలో చూతురు. విందును ఆటయు ఒక్క దినచర్యలోనివే, కాని ఒక్క పంక్తిలోనివి గావు. అన్నము కొన్నచోట అన్నము తినిరి. ఆట యాడినచోట నిలిచి చూచిరి. అన్నము వెలకు దొరకు నగరమున కూడ ఆట అందఱి సొత్తై యుండెను.

వీథిని, విక్రయమును, రాజ్యపు బొక్కసమును మొదటిసారి స్పష్టముగా కలిపి చూపువాడు ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే. ఆయన పదునేడవ శతాబ్ది నడుమ గోలకొండకు పలుమాఱులు వచ్చెను. భాగ్యనగరమున దరోగా పుస్తకములో నమోదైన వేశ్యలు ఇరువదివేలకు పైబడియుండి రనియు, ప్రతి శుక్రవారమును వారిలో కొందఱు రాజభవన సమక్షమున నాట్యమాడవలసియుండె ననియు ఆయన వ్రాసెను. సాయంకాలమున వారి వాకిళ్ళ దీపములు వెలుగు వేళ కల్లు దుకాణములు తెఱవబడు ననియు, ఆ కల్లుపై రాజునకు మిక్కిలి పన్ను వచ్చు ననియు, ఇంతమందిని ఉండనిచ్చుటకు అదియే ముఖ్యకారణ మనియు చెప్పెను. రాజు మచిలీపట్టణము పోయినపుడు తొమ్మండుగురు స్త్రీలు ఏనుగు రూపమున కూడి యాతని నెక్కించుకొని పురప్రవేశము చేయించి రని కూడ ఆయన వ్రాతలో కలదు. విదేశీయుని సంఖ్యలను అక్షరాల నమ్మనక్కఱలేదు. కాని ఆయన చూపిన ఆర్థిక సంబంధము మిక్కిలి విలువైనది. ఇచ్చట నాట్యము తన కొఱకు గాక మఱియొక వస్తువు అమ్ముడుపోవుటకు సాధనమైనది. తారామతి పాట కోటకు వినబడిన దను కథయు, ఈ కల్లు పన్ను లెక్కయు ఒక్క రాజు నాటివే. జనశ్రుతి మొదటిదానిని నిలుపుకొని రెండవదానిని మఱచినది.

ఆ తరువాతి హైదరాబాదున మహ్లకా బాయి చందా (1768–1824) గలదు. ఆమె ఉర్దూ కవయిత్రి, నర్తకి, జాగీరు ననుభవించినది. 1799లో నృత్యసభ నడుమనే తన కవితా సంపుటమును ఆంగ్లాధికారి మాల్కముకు కానుకగా నిచ్చెను. సభ యుద్దేశ మేమైనను, ఆమె తన్ను కళావస్తువుగా గాక కవిగా చూడవలె నని ఆ కానుకతో చెప్పిన ట్లయినది.

పల్లెలలో నియమము వేఱు. భాగవతుల మేళము గ్రామమునకు వచ్చినచో వారికి భోజన వసతులు గ్రామస్థులే చూచెడివారు. రాత్రి భోజనములైన పిమ్మట చాపలు పఱచుకొని జనులు కూర్చుండగా ఆట మొదలై తెల్లవాఱువఱకు సాగెడిది. చూచువాడు తిని వచ్చినవాడు, ఆడువాడు ఊరి యన్నము తిన్నవాడు. ఈ క్రమము చిన్నదిగా తోచినను అందొక మర్యాద కలదు. ఆటవేళ చేతులు ఖాళీగా నుండెను, కన్నులు రంగముమీద నుండెను.

కంబుజదేశపు నాట్యము

ఇపుడు ఖ్మేరు నాట్యమును చూతము. ఏడవ శతాబ్దపు కంబుజ శాసనములందే దేవాలయములకు సమర్పింపబడిన నర్తకుల, గాయకుల పట్టికలు కలవు. ఏడవ జయవర్మ తన తల్లి స్మృత్యర్థము కట్టించిన తా ప్రోమ్ ఆలయపు శాసనము (1186) ఆ యాలయమున 615 మంది నర్తకు లుండి రని చెప్పును. ఆ శాసనమే ఆలయమునకు చేరవలసిన బియ్యము, నువ్వులు, నేయి, తేనె మొదలగువానిని కూడ లెక్కించును. తండ్రి స్మృత్యర్థమైన ప్రియా ఖాన్ శాసనము (1191) వేయిమంది నర్తకులను పేర్కొనును. మల్కాపురమునకు డెబ్బదియేండ్ల ముందు, సముద్రమున కావల, అన్నమును నాట్యమును ఒక్క పట్టికలో నెక్కిన వన్నమాట. దక్షిణ భారత లిపి నుండియే ఖ్మేరు లిపి పుట్టినది, రామకథ అచ్చట రామకేర్తి యైనది. ఇంతమాత్రమున వారి నాట్యము మన నాట్యమునకు బిడ్డ యనుట తొందరపాటు. ఒక్క విధమైన దేవాలయ వ్యవస్థ ఇరుదేశములందును ఒక్క విధమైన లెక్కలను పుట్టించిన దనుట చాలును.

ఆ దేశపు నాట్యశాలలందు నేటికిని గురుపూజ యొకటి జరుగును. దానిని సంపెయా క్రూ అందురు. క్రూ యన గురువే. అది గురువారమున జరుగును. ముఖోటములను వరుసగా నుంచి వాని యెదుట పండ్లు, వండిన మాంసములు మొదలగు నైవేద్యము లుంతురు. అనగా విందు మొదట గురువునకును అదృశ్య దేవతలకును, పిదప నాట్యము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్ డువాంగ్ రాజు రాజాంతఃపుర నాట్యమును సంస్కరించెను. 1906లో సిసోవత్ రాజు వెంట ఫ్రాన్సుకు పోయిన నర్తకులను శిల్పి రోదే చిత్రించెను. ఇరువదవ శతాబ్ది నడుమ కొస్సమక్ రాణి ప్రోత్సాహమున నేటి అప్సరో నృత్యము రూపొందెను. దానికి ఆంగ్కోర్ శిల్పములు ప్రేరకములు. మన నటరాజ రామకృష్ణ (1923–2011) రామప్ప గుడి శిల్పములను నృత్తరత్నావళిని ఆధారము చేసికొని పేరిణిని పునర్నిర్మించిన కృషి దీనికి సోదర ప్రయత్నము. యాత్రికుడు వేయేండ్లనాటి దని తలంచు నృత్యము రూపమున నూతనము, బీజమున ప్రాచీనము.

పిదప ఘోరకాలము వచ్చినది. 1975 నుండి 1979 వఱకు ఖ్మేర్ రూజ్ పాలనలో రాజసభా కళాకారులలో అధిక సంఖ్యాకులు నశించిరి. ఆకలి యచ్చట రాజ్యమేలినది. బ్రతికిన కొలదిమంది 1979 తరువాత మరల కూడి, జ్ఞాపకమున మిగిలిన ముద్రలను చిన్నవారికి నేర్పిరి. 2003లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వపు కళాఖండముగా ప్రకటించి, 2008లో తన పట్టికలో చేర్చినది. ఈ చరిత్ర తెలిసినవాడు సియెం రీప్ భోజనశాలలోని నాట్యమును తేలికగా నిందింపజాలడు. అన్నము లేక కళాకారులు చచ్చిన దేశమున, అన్నశాలయందు కళ మరల నిలిచినది. అటులని దానిని పూర్తిగా మెచ్చుటకును వీలులేదు. రాజసభలో గంటలకొలది సాగు కథను విందు ముగియులోపల ముక్కలుగా చూపవలసివచ్చినపుడు, కథ పోయి భంగిమలు మిగులును. చూపు పళ్ళెరమునకును రంగమునకును నడుమ చీలినపుడు, వ్రేళ్ళ చివరల నున్న సూక్ష్మార్థము ఎవరికిని చేరదు.

ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన యంశములు మూడు. విందును నాట్యమును కలియుట క్రొత్తది గాదు. నివేదనముగా, రాజభోగముగా, విక్రయముగా అది మూడు విధముల నున్నది. మొదటి రెండు విధములందును నర్తకికి కూడు పెట్టువా డెవడో తెలియును. మూడవ విధమున అది మఱుగుపడును. కావున నేటి ప్రదర్శనమును పరీక్షింప దలచువాడు "భోజనముతో కలిపితిరా?" యని యడుగుట చాలదు. "ఆడినవారి పేరేమి? వారికి ముట్టిన దెంత? ఆట వేళ వడ్డన ఆగినదా?" యని యడుగవలెను.

పరిశోధకులకు ఇంకొక బాధ్యత కలదు. తంజావూరి నన్నూఱుమంది పేర్లు వడ్ల లెక్కతో నిలిచినవి. తారామతి పేరు నిలిచినది గాని ఆమె బ్రతుకు లెక్క నిలువలేదు. ఆ ఖాళీని త్రాళ్ళమీది నాట్యము నింపినది. లెక్క వ్రాయనిచోట కథ మొలచును. నార్సింగి దారిలోని ఆ గుట్టమీద నేడు నాట్యమాడువారి పేర్లను, వారి గురుపరంపరను, వారు పొందు జీవనమును మన విద్యార్థులు ఇప్పుడే వ్రాసి భద్రపఱతురేని, మూడువందల యేండ్లకు వచ్చు చరిత్రకారుడు మనవలె జనశ్రుతుల వెంట తిరుగవలసిన పనియుండదు. ఇది గొప్ప సిద్ధాంతము గాదు; ఒక పుస్తకము, ఒక కలము, ఒక సాయంకాలము చాలిన పని.